అప్పగించడమంటే

మఠం, అప్పాల గది
ఫిబ్రవరి 18, విభూది బుధవారం

అమ్మాయ్,

క్షేమమని రాస్తే అబద్ధం, క్షేమం కాదని రాస్తే నీకు కంగారు. అందుకని మోకాళ్ళూ చెవులూ తప్ప నాకన్నీ బాగానే ఉన్నాయని రాస్తున్నాను. నాతో ఫోన్లో మాట్లాడాలని నీ మొగుడు మదర్‌గారికి కబురు పెట్టాడట. ఏం లాభం? చెవిటివాడి ముందు శంఖం ఊదితే 'పాపం, ఎంత కష్టపడి కొరుకుతున్నావో' అన్నాడట. చెవులు ఎటూ పోయాయి, కళ్ళు మిగిలాయి. చెప్పాల్సింది కాగితం మీద పెట్టు.

నీ ఉత్తరం నిన్న అందింది. నీ కూతురు, మన వసపిట్ట గుండెలో రంధ్రం ఇక దానంతటది మూసుకోదని, ఆపరేషన్ చేయించకపోతే రెండేళ్ళు కూడా కష్టమని, చేయిస్తే బల్ల మీదే ఏమైనా కావచ్చని డాక్టరు చెప్పాడన్నావు. చేయించాలా వద్దా నువ్వే చెప్పత్తా అని అడిగావు. నీ తండ్రి, మా అన్నయ్య, ఉండి ఉంటే నన్ను అడిగేదానివి కాదు. నేను గోధుమపిండీ నీళ్ళూ కలిపి పూజలో అందరి నాలుక మీదా పెట్టే అప్పాలు కాల్చుకునేదాన్ని. గుండె సంగతి నాకేం తెలుసు?

అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. చేయించు. దేవుడికి అప్పగించెయ్.

యేసును పెంచిన తండ్రి జోజప్పగారిని చూడు. సువార్తల్లో ఆయన ఒక్కమాట మాట్లాడినట్టు రాసి లేదు. కలలో లెమ్మన్నారు, లేచాడు. బిడ్డనూ తల్లినీ తీసుకుని పరాయిదేశం పొమ్మన్నారు, పోయాడు. ఎటు, ఎన్నాళ్ళు, అక్కడ పనేం దొరుకుతుంది అని అడగలేదు. మన ఇంటి మగవాళ్ళు పక్కవీధికి పోవాలన్నా గొడుగు దగ్గర్నుంచి చెప్పుల దాకా అందర్నీ అడిగి చంపుతారు. నమ్మడమంటే ఆయనలా లేచి నడవడమే. ఈ నలభై రోజుల తపస్సుకాలమంతా నీకు ఉత్తరానికి ఒక పునీతుడి కథ రాస్తాను. కాసుకో.

నేను ఈస్టర్ దాకా కాఫీ మానేశాను. నువ్వు ఏమీ మానక్కర్లేదు. అతిగా ఆలోచించడం కాస్త తగ్గించు, అదే నీ ఉపవాసం.

నుదుట బూడిద, ముక్కు మీద పిండి పెట్టుకుని,
నీ సిస్టరత్త


ఇల్లు, వంటగది బల్ల
ఫిబ్రవరి 24

సిస్టరత్తా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. మండింది చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు, రాస్తున్నాను.

'దేవుడికి అప్పగించెయ్' అని ఎంత తేలిగ్గా రాశావు! నాన్న పోయిననాడు నువ్వు నాకు రాసిన మాట అదే. 'అన్నయ్యను దేవుడికి అప్పగించాం, ధైర్యంగా ఉండు' అని. నానమ్మ పోయినప్పుడూ అదే. మన ఇంట్లో ఆ మాట వినపడిందంటే ఎవరో ఒకరు పోయినట్టే లెక్క. ఆరేళ్ళ పిల్ల పక్కగదిలో పడుకుని పైకప్పుతో కబుర్లు చెప్పుకుంటుంటే, దాన్ని అప్పగించమని నీకు చెయ్యెలా వచ్చింది?

నా పని నీకు తెలుసు. కళ్ళజోళ్ళ షాపులో అద్దం అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాలి. వెంట్రుకవాసి తేడా వస్తే టప్పుమని పగులుతుంది. ఇంకోటి తెప్పిస్తాం. ఆ డాక్టరు చేతిలో వెంట్రుకవాసి తేడా వస్తే ఇంకోటి ఎక్కణ్ణించి తెప్పించను? నీ అల్లుడున్నాడు, డిపోలో బస్సు ఇంజను మొత్తం విప్పి కళ్ళు మూసుకుని బిగిస్తాడు. పిల్ల గుండె అనేసరికి "నీ ఇష్టమే నా ఇష్టం" అంటాడు, చెప్పులేసుకుని బయటికి పోతాడు. మా అత్తగారు "ఇంతకాలం బతకలేదా, ఇకముందూ బతుకుతుందిలే" అంటుంది. అందరూ కలిసి నిర్ణయం నా నెత్తిన పెట్టారు. ఇప్పుడు నువ్వూ జోజప్పగారూ తోడయ్యారు.

జోజప్పగారికి కలలో దేవదూత వచ్చి చెప్పాడు. నాకు నిద్రే పట్టడం లేదు, కల ఎక్కడిది?

పిల్లల్ని కని, వాళ్ళ కోసం ఏడ్చి, మొగుడితోనూ అత్తతోనూ వేగిన పునీతులెవరైనా ఉంటే రాయి. మఠాల్లో కూర్చుని పునీతులైనవాళ్ళ సంగతి నాకొద్దు. నిన్ను అన్నానని అనుకోకు. అనుకున్నా ఫరవాలేదు.

కోపంగా ఉన్నా నీ మనిషినే,
నీ మేనకోడలు


మఠం, అప్పాల గది
మార్చి 2

అమ్మాయ్,

అనుకున్నాను. నన్నే అన్నావు. నీ నోరు అచ్చం మీ నానమ్మది. ఆవిడా ఇలాగే, ముందు వాతపెట్టి తర్వాత వెన్న రాసేది. నువ్వు వెన్న కూడా రాయలేదు.

తప్పు నాదేలే. అప్పాలు ఇనుప పలకల మధ్య కాలి బయటికి వచ్చేటప్పుడు పెళుసుగా ఉంటాయి. ఆ వేడిమీదే గుండ్రంగా కోయబోతే పొడైపోతాయి. తడిగుడ్డ కప్పి ఉంచితే మర్నాటికి మెత్తబడి కోతకు లొంగుతాయి. కొత్తగా చేరిన సిస్టర్లకు ఈ సంగతి రోజూ అరిచి చెబుతాను. నీ విషయంలో నేనే మరిచిపోయి వేడిమీద కత్తి పెట్టాను.

నువ్వు అడిగినట్టే ఒకావిడ ఉంది. మోనికమ్మ. మొగుడు ముక్కోపి. అత్త పనివాళ్ళ చాడీలు విని కోడల్ని సాధించే మనిషి. కొడుకు తెలివైనవాడే కానీ ఏ దారిలో నడవకూడదో ఆ దారే పట్టాడు. వాడు సముద్రం దాటి వెళ్ళిపోతానంటే ఈవిడ పోనివ్వనని పట్టుకుంది. వాడు తల్లికి అబద్ధం చెప్పి ఓడెక్కేశాడు. ఈవిడ అప్పుడు దగ్గర్లో ఒక గుడిలో మోకాళ్ళ మీద ఉండి, వాణ్ణి పోనివ్వకు స్వామీ అని ఏడుస్తోంది. దేవుడు ఆ ప్రార్థన వినలేదమ్మాయ్. పోనిచ్చాడు. ఆ పోయినచోటే వాడు మనిషయ్యాడు, ఆ తర్వాత పునీతుడూ అయ్యాడు. అది ఆవిడకు అప్పుడు తెలియదు కదా. తెల్లారి రేవులో నిలబడి చూస్తే ఓడ లేదు. తెలియకుండానే ఇంకా కొన్నేళ్ళు ఏడ్చింది. ఏడుస్తూనే ప్రార్థించింది. నమ్మకం ఉన్నవాళ్ళు ఏడవరని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

ఇక ఆ మాట సంగతి. అది నిన్ను పొడిచింది కాబట్టి నేను ఇంక రాయను. మనిద్దరి ఉత్తరాల్లో 'అప్పగించడం' అనే మాట పోయినవాళ్ళకే ఉంచుదాం. బతికున్నవాళ్ళ జోలికి దాన్ని రానివ్వొద్దు. ఒప్పందమేనా?

ఆపరేషన్ విషయం నేను మళ్ళీ ఎత్తను. నువ్వు ఏది చేసినా నీ పక్కనే ఉంటాను, ఈ పనికిరాని చెవులతోనే.

కాఫీ లేక తలనొప్పితో,
నీ సిస్టరత్త


ఇల్లు
మార్చి 9

సిస్టరత్తా,

మోనికమ్మ నచ్చింది. దేవుడు ఆవిడ ప్రార్థన వినలేదన్న సంగతి నువ్వు దాచకుండా రాశావు, అది ఇంకా నచ్చింది. చిన్నప్పుడు జ్ఞానోపదేశంలో మాకు గెలిచినవాళ్ళ కథలే చెప్పేవాళ్ళు.

మొన్న షాపు నుంచి వస్తూ వసపిట్టను ఎత్తుకుని గుడిలోకి వెళ్ళాను. నడిస్తే ఆయాసపడుతోంది, ఎత్తుకోక తప్పడం లేదు. మా గుడిలో పక్క గోడకు జోజప్పగారి స్వరూపం ఉంది, ఎడమచేతి మీద బాలయేసు. అక్కడ కూర్చోబెట్టాను.

"ఈ తాత ఎందుకు మాట్లాడడమ్మా? గొంతు నొప్పా?" అంది.

"ఆయన ఎప్పుడూ మాట్లాడలేదంట. సిస్టరమ్మమ్మ రాసింది" అన్నాను.

"అయితే మంచోడు. నేను చెప్తే మధ్యలో ఆపడు. మీరందరూ ఆపేస్తారు."

అని మొదలుపెట్టింది. స్కూల్లో ఎవరు ఎవర్ని గిచ్చారో, నాన్న గుర్రు ఎలా పెడతాడో, నానమ్మ తన కట్టుడుపళ్ళు ఎక్కడ దాస్తుందో, అన్నీ. నవ్వు ఆపుకోలేక చచ్చాను. చెబుతూ చెబుతూ ఊపిరి అందక ఆగింది. పెదాలు నీలంగా అయ్యాయి. నేను వీపు రాస్తుంటే, గుటక వేసి, "మిగతాది రేపు చెప్తా తాతా, ఎక్కడికీ పోకు" అంది.

అత్తా, ఆ మిగతాది చెప్పడానికి దానికి ఊపిరి కావాలి. నాకు ఏ దేవదూతా చెప్పలేదు కానీ ఆ ఒక్కటీ అక్కడ అర్థమైంది. మర్నాడు వెళ్ళి సంతకం పెట్టాను. నీ అల్లుడూ పెట్టాడు. స్పానరు పట్టే చేత్తో పేరు ఒక్కో అక్షరమే రాశాడు. మా అత్తగారు మాతో మాట్లాడటం మానేసింది, ఇంట్లో అదొక్కటే ప్రశాంతత. పడక ఖాళీ కాగానే ఏ రోజైనా పిలుస్తామన్నారు.

ఒప్పందం సంగతి, నీ ఇష్టం. ఇప్పుడు ఆ మాట మీద నాకు అంత కోపం లేదు.

నీ మేనకోడలు


మఠం
మార్చి 13

అమ్మాయ్,

పొద్దున్నుంచీ కుట్టుమిషన్ ముందే ఉన్నాను, అందుకే పొట్టి ఉత్తరం. ఈస్టర్ దాకా కప్పి ఉంచడానికి వచ్చే శనివారం గుడిలో స్వరూపాలన్నిటికీ ఊదా ముసుగులు వెయ్యాలి. పోయినేడు గుడ్డలు కుంచించుకుపోయి పునీతుల కాళ్ళన్నీ బయటికి కనిపించాయి. ఫాదర్‌గారు "వీళ్ళకు లుంగీలు కట్టావా సిస్టర్?" అని వెక్కిరించారు. ఈసారి పాదాల దాకా కుడుతున్నాను.

నువ్వు సంతకం పెట్టావని చదివి అప్పాల గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. నాకు వినపడలేదనుకో. వసపిట్టతో చెప్పు, ఆ తాత ఎక్కడికీ పోడు. ఈస్టర్, అదే పాస్క పండుగ, కాగానే మదర్‌గారిని అడిగి వస్తాను, దాని కబుర్లలో మిగతావి నేను వింటాను. చెవిలో అరిస్తే చాలు.

దారం సూదిలో ఎక్కించలేక తిట్టుకుంటూ,
సిస్టరత్త


ఆసుపత్రి వరండా
మార్చి 17

అత్తా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇవాళ పొద్దున వసపిట్టను దేవుడికి అప్పగించేశాం. నా చేతులతో నేనే. ఏడవలేదు. ఇంకేమీ రాయలేను. మా కోసం ప్రార్థన చెయ్యి.


మఠం
మార్చి 21, శనివారం

నా తల్లీ,

నీ కార్డు మొన్న జోజప్పగారి పండుగనాడు వచ్చింది. పువ్వులు సర్దుతున్నాను. చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఆ మాట పోయినవాళ్ళకే ఉంచుదామని నేనే అన్నాను. అంత దుఃఖంలోనూ నువ్వు ఆ ఒప్పందం గుర్తుపెట్టుకుని, చచ్చిపోయిందని రాయకుండా ఆ మాటే రాశావు. కాసేపు నాకు ఏమీ కనపడలేదు. చిన్న సిస్టర్‌తో ఫోన్ చేయించాను. నీదీ పలకలేదు, నీ మొగుడిదీ పలకలేదు. ఎందుకు పలుకుతాయి?

చేయించమని నేనే రాశాను. అదొక్కటే నా తలలో తిరుగుతోంది. ఎవరో డాక్టరు చెబితే కాదు, ఎవరో ఫాదర్‌గారు చెబితే కాదు, నేను, పిల్లల్ని కననిదాన్ని, మఠంలో కూర్చుని 'చేయించు' అని రాశాను.

ఈ ఉత్తరంలో పునీతులెవరూ రారు. వెతికాను తల్లీ, ఒక్కరూ గుర్తు రాలేదు. నిన్న పలకల మీద పిండి పోసి అలాగే నిలబడిపోయాను. మాడిన వాసనకు మదర్‌గారు వచ్చి నన్ను పక్కకు జరిపింది. ఆవిడ ఏదో చెప్పింది, వినపడలేదు, వినాలనీ లేదు. నోరు తెరిస్తే స్తోత్రం చెప్పే నోరు ఇది. నిన్న దీనితోనే దేవుణ్ణి తిట్టాను. నీకేం పోయేది, ఒక్క పిల్ల ఊపిరి నిలబెడితే నీ రాజ్యంలో ఏం తరిగిపోయేది అన్నాను.

ఇవాళ సాయంత్రం ముసుగులు వేశాం. స్టూలెక్కి నేనే కట్టాను. అందరికీ కట్టాను కానీ జోజప్పగారి దగ్గర చెయ్యి ఆగింది. 'మిగతాది చెబుతానంది కదా, నువ్వేం విన్నావు? చేతిలో ఉన్న బిడ్డను పట్టుకుని నిలబడ్డావు, మా బిడ్డను ఎందుకు పట్టుకోలేదు?' అని పైకే అడిగాను. నా గొంతు ఎంత పెద్దదైందో నాకు తెలియదు, గుడిలో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ముసుగు వేశాక చూస్తే వాళ్ళంతా మొహం చూపించలేక కప్పుకున్నట్టే అనిపించింది.

రేపటి పూజలో ఫాదర్‌గారు పాప ఆత్మశాంతి కోసం పేరు చదువుతారు. నేను ముందు బెంచీలో ఉంటాను. నీకు ధైర్యంగా ఉండమని రాయను. ఏడువు తల్లీ. నీ మొగుణ్ణి కూడా ఏడవనివ్వు, మగవాళ్ళు ఆపుకుని ఆపుకుని పాడైపోతారు.

నీ అత్త


ఆసుపత్రి, ఐసీయూ బయట
మార్చి 25

సిస్టరత్తా,

వసపిట్ట బతికుంది.

ఏం చేశావత్తా నువ్వు? ఏం చేశావు? నీ ఉత్తరం ఇంటికి వచ్చింది. మా అత్తగారు విప్పి చదివింది. చదివి, పిల్ల పోయిందని మేం ఆవిడ దగ్గర దాచామనుకుంది. గుండెలు బాదుకుంటూ వీధివాళ్ళను వెంటేసుకుని ఆసుపత్రికి వచ్చింది. నీ అల్లుడు టీ తాగడానికి కిందికి దిగాడు. వాళ్ళంతా ఏడుస్తూ ఎదురొచ్చేసరికి, తను లేని ఆ కాసేపట్లోనే జరిగిపోయిందనుకుని మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి, ఐసీయూ అద్దం తలుపును తలతో గుద్దుకున్నాడు. నుదుట కుట్లు పడ్డాయి. లోపల పిల్ల ఊపిరి తీస్తూనే ఉంది.

'అప్పగించేశాం' అంటే ఆపరేషన్ గది తలుపు దగ్గర ఇచ్చామని. నువ్వు మొదటి ఉత్తరంలో రాశావే, ఆ అర్థంలో. ఇన్నాళ్ళకు నీ మాట నాకు అర్థమైందని, నీకు సంతోషమవుతుందని, నీ మాటను నీకే తిరిగి రాశాను. ఒప్పందం నాకు గుర్తే లేదు. ఫోన్లు ఇక్కడ ఆపేయిస్తారు. ఒక్కరోజు ఆగలేకపోయావా? ఎవరినైనా పంపలేకపోయావా?

ఆపరేషన్ బాగానే అయింది, రంధ్రం మూశారు. కానీ తర్వాత జ్వరం పట్టుకుంది. ఒంట్లో ఎక్కడో చీము చేరిందంటారు, రక్తంలోకి పాకిందంటారు. గొంతులో గొట్టం ఉంది. కళ్ళు తెరవడం లేదు. మాట్లాడనివ్వరని తెలిస్తే ఎంత గోల చేసేదో అది.

బతికున్న నా బిడ్డకు మరణపూజ చేయించావు. మా అత్తగారు ఇప్పుడు రోజంతా అదే అంటోంది, అపశకునం, నోటిమాట ఊరికే పోదు అని. నేను నమ్మను. నమ్మకూడదని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కానీ లోపలికి వెళ్ళి దాని చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నీ ఉత్తరంలోని వాక్యాలే గుర్తొస్తున్నాయి.

ఇక నాకు రాయొద్దు.


మఠం
మార్చి 29, మట్టల ఆదివారం

అమ్మాయ్,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఆపేస్తాను.

'వసపిట్ట బతికుంది' అన్న దగ్గరే ఆగిపోయాను. మిగతాది చదవడానికి చాలాసేపు పట్టింది. ఇంత తిట్టు నన్ను ఇంతవరకు ఎవరూ తిట్టలేదు, ఏ తిట్టూ ఇంత తీపిగా లేదు. తర్వాత నీ మొగుడి నుదురు సంగతి దగ్గరికి వచ్చాను. చేతులు జోడించి క్షమించమని అడుగుతున్నానని అతనితో చెప్పు.

నువ్వు నా అర్థంలో రాశావు, నేను నీ అర్థంలో చదివాను. ఒకరి మాట ఒకరం మన్నించబోయి నీ ఇంటిమీద పిడుగు వేశాను. ఫాదర్‌గారితో చెబితే ఆయన తల పట్టుకుని, తర్వాత మెల్లగా కాగితం మీద రాసి చూపించారు. 'పూజ వృథా పోదు సిస్టర్, బతికున్నవాళ్ళకూ పనికొస్తుంది' అని. ఇవాళ మళ్ళీ చదివారు పాప పేరు, స్వస్థత కోసం. అందరూ నన్ను చూశారు. చూడనీ.

శకునాలు లేవు తల్లీ. చెవిటి ముసలిది రాసిన రాతకు ప్రాణం తీసే శక్తే ఉంటే, ప్రాణం పోసే శక్తి కూడా ఉండేది. నాకు రెండూ లేవు. అది జ్వరం. మందులు పని చేయాలి, దేవుడు చెయ్యెయ్యాలి.

ఇంతకాలం నీకు పునీతుల కథలు నేను చెప్పాను. తలుపు దగ్గర పిల్లను ఇచ్చింది నువ్వు. ఆ పని నేను జీవితంలో చేయలేదు. చేయలేననీ మొన్న తెలిసింది. పోయిందనగానే నా నమ్మకం పిండిలా రాలిపోయింది. మట్టలు పట్టుకుని హోసన్నా పాడుతుంటే సిగ్గేసింది.

నువ్వు మళ్ళీ రాయకపోయినా రోజూ నీ పేరు తలుచుకునే,
సిస్టరత్త


ఇల్లు
ఏప్రిల్ 8

సిస్టరత్తా,

నువ్వు మట్టల ఆదివారం రాసిన ఉత్తరం వచ్చేసరికి ఇంట్లో చదివేవాళ్ళెవరూ లేరు. పాస్కకు ముందు మంగళవారం పొద్దున వసపిట్ట పోయింది.

నీ రాత వల్ల పోలేదు. ముందు ఇది చదువు, తర్వాత మిగతాది. ఇన్ఫెక్షన్ వల్ల పోయింది. మా అత్తగారు ఇంకా ఏదో అంటోంది, నీ అల్లుడు ఆవిణ్ణి కూర్చోబెట్టి "అమ్మా, సిస్టరత్తను ఇంకొక్క మాటన్నా నేను ఊరుకోను" అన్నాడు. ఈ ఇంట్లో అతను గొంతెత్తడం నేను మొదటిసారి విన్నాను. నువ్వు చేయించమన్నావు కాబట్టి పోలేదు కూడా. చేయించకపోయినా పోయేది, ఇంకా కష్టపడి, నా చేతుల్లో గాలి కోసం కొట్టుకుంటూ. సంతకం నేను పెట్టాను. మళ్ళీ అడిగినా పెడతాను.

నీ శనివారం ఉత్తరం చించేద్దామని దాచాను. పూడ్చివచ్చాక తీసి చదివాను. ఇంటికి వచ్చినవాళ్ళందరూ దేవుడి చిత్తం, దేవుడికి పూలంటే ఇష్టం అని ఏవేవో అన్నారు. నాతోపాటు దేవుణ్ణి తిట్టినదానివి నువ్వొక్కదానివే.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఆపరేషన్ రోజు తలుపు దగ్గర నర్సు చేతులు చాపింది. వసపిట్ట నా మెడ వదల్లేదు. ఏడవలేదు, ఊరికే గట్టిగా పట్టుకుంది. నేనే ఒక్కొక్క వేలూ విడదీశాను. విడదీస్తుంటే మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ విడదీశాను. అప్పగించడమంటే అదేనని అప్పుడు తెలిసింది. మనసులో అనుకునే పని కాదత్తా అది. చేతులతో చేసే పని. ఆ మంగళవారం మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది. ఈసారి దాని వేళ్ళు నన్ను పట్టుకోలేదు. నేనే దాన్ని పట్టుకున్నాను. నీ అల్లుడు నా వేళ్ళు విడదీశాడు.

పాస్క ఆదివారం గుడికి వెళ్ళలేదు. సోమవారం షాపుకని బయల్దేరి, కాళ్ళు గుడిలోకి తీసుకెళ్ళాయి. ముసుగులు తీసేశారు. జోజప్పగారి చేతి మీద బిడ్డ ఉన్నాడు. చూడలేక వచ్చేశాను. నిన్న మళ్ళీ వెళ్ళాను.

నమ్ముతున్నానని నేను చెప్పను. నీ పునీతులంత దాన్ని కాను. కోపం ఉంది, చాలా ఉంది. కానీ పిల్ల ఒకరింట్లో ఉన్నప్పుడు ఆ ఇంటివాళ్ళతో మాటలు మానుకోలేం కదా. అందుకని బెంచీలో కూర్చుని దేవుడితో మాట్లాడాను. ప్రార్థన ఏదీ నోటికి రాలేదు. అది నిద్రలో దుప్పటి తన్నేస్తుంది, మళ్ళీ కప్పాలి అన్నాను. జుట్టు చిక్కు తీసేటప్పుడు కొసల నుంచి మొదలుపెట్టాలి, పైనుంచి లాగితే ఏడుస్తుంది అన్నాను. చీకటంటే భయం, ఆ సంగతి ఎవరికీ చెప్పదు, నువ్వే చూసి దీపం ఉంచాలి అన్నాను. కొత్తచోట మొదటిరోజు మాట్లాడదు, రెండోరోజు నుంచి ఆపదు, విసుక్కోకు అన్నాను.

ఇంకేమైనా మరిచిపోయానేమోనని ఇవాళ కూడా వెళ్తున్నాను.

నీ మేనకోడలు